యోనాతాను తేనె – మన ఇంటి పండుగ బల్ల

పాఠ్యభాగములు: 1 సమూయేలు 14:24–45, లూకా 8:40–56

ఈ నెల కుటుంబ పాఠమునకు మేము ఎన్నుకున్న మొదటి భాగము పండుగ దినములలో సాధారణముగా ఎవరూ చదవనిది. సౌలు రాజు యుద్ధ దినమున, సాయంత్రము వరకు ఎవడును ఏమియు తినకూడదని జనులందరిచేత ఒట్టు పెట్టించాడు. ఆ మాట వినని అతని కుమారుడు యోనాతాను అడవిలో కనబడిన తేనెపట్టులో చేతికర్ర కొన ముంచి, కొంచెము తేనె నోట పెట్టుకున్నాడు. వెంటనే అతని కన్నులకు వెలుగు వచ్చింది. తండ్రి ఆ సంగతి తెలుసుకొని, కుమారుడని చూడక మరణశిక్షకు సిద్ధపడ్డాడు. జనులు అడ్డుపడి అతనిని విడిపించారు. ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలోను సండే స్కూలులోను ఈ కథ చెప్పిన మేము, ఎప్పుడూ యోనాతాను పక్షముననే నిలబడి చెప్పాము. మా ఇంటిలో సౌలు స్థానము మాదేనని తెలిసింది 2023 గుడ్ ఫ్రైడే రోజున. ఆ సంగతికి తరువాత వస్తాము.

మాది కోలారు బంగారు గనుల ప్రాంతము. మా తాతల కాలములో చిత్తూరు వైపు నుండి పని వెదుక్కుంటూ వచ్చి లైను ఇండ్లలో స్థిరపడిన కుటుంబము. 2001లో గనులు మూతపడ్డాయి. ఇప్పుడు మా పిల్లలు మారికుప్పం నుండి చీకటితోనే బయలుదేరే బండి ఎక్కి బెంగళూరుకు పోయి, రాత్రికి ఇల్లు చేరుతున్నారు. పిల్లలు చదివేది కన్నడము, ఇంగ్లీషు. తెలుగు మిగిలినది ఇంటిలోను, గుడిలోను, మరి ముఖ్యముగా క్రిస్మస్ పండుగలోను. డిసెంబరు మొదటి వారము వచ్చిందంటే గుమ్మమునకు నక్షత్రము కట్టాలి. ఆడవారు నలుగురు కూడి కజ్జాయాలకు పాకము పట్టాలి, నిప్పట్లు, మురుకులు, కర్జికాయలు డబ్బాలకెత్తాలి. కేరల్ రౌండ్సుకు పోయే యౌవనస్థులు ఇంటింట పాడి తెల్లవారుజామున తిరిగి రావాలి. గనులు నడుస్తున్న రోజులలో రెండవ షిఫ్టు దిగి వచ్చే మగవారి కోసము ఆగి, వారితో కలిసి బయలుదేరడము మాకు బాగా జ్ఞాపకము. ఈ ఆచారములలో ఒక్కటి తప్పినా పండుగ కానట్టే మేము పిల్లలను పెంచాము. దానిలో మేలు ఉన్నది. బరువు కూడా ఉన్నదని మాకు ఆలస్యముగా తెలిసింది.

2021 డిసెంబరులో మా మనుమరాలికి పదమూడేండ్లు. క్రిస్మస్ నాటకములో మరియ వేషము. ఆ నెలలో పిల్ల చిక్కిపోయింది. ఎదిగే వయసు అనుకున్నాము. రాత్రి నాలుగైదు సార్లు మూత్రమునకు లేచేది. చలికాలము గదా అన్నాము. నాటకము నేర్పే సమయములో పది నిమిషములకొకసారి నీళ్లకు పోతుంటే, అందరి ముందు మేమే కోపపడ్డాము: “ఏమమ్మా, మరియమ్మ గాడిద దిగి దిగి నీళ్లు తాగిందా?” అన్నాము. పిల్లలందరు నవ్వారు. అదియు నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికిని మమ్మును విడువదు.

ఇరవై నాలుగవ తేదీ రాత్రి వాంతులు మొదలైనాయి, కడుపు నొప్పి అన్నది. దగ్గరలోని ఒక చిన్న ఆసుపత్రిలో గ్యాసని చెప్పి గ్లూకోజు ఎక్కించారు. తెల్లవారేసరికి ఊపిరి బరువుగా, లోతుగా తీస్తున్నది. నోటి నుండి మాగిన పండు వాసన వచ్చింది. బెంగళూరు తీసుకొని పోతే అక్కడ వేలికొన నుండి ఒక చుక్క రక్తము తీసి చూచారు. అయిదు వందలు దాటి ఉన్నది. వారు చెప్పినది టైప్ 1 డయాబెటిస్, అది ముదిరి కీటో అసిడోసిస్. పండుగ ఆరాధన వేళకు మేము ఐసియు బయట బల్ల మీద కూర్చొని ఉన్నాము. మా కోడలు ఇంటి నుండి తెచ్చిన సంచిలో నాటకపు నీలి ముసుగు ఉండిపోయింది.

ఈ వ్యాధిని గూర్చి మన సంఘములలో ఉన్న అపోహలు చాలా ఉన్నవి గనుక కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. పెద్దవారిలో మనము ఎరిగిన షుగరు వేరు, ఇది వేరు. మన దేహమును కాపాడవలసిన రక్షణ శక్తియే పొరపాటున క్లోమములో ఇన్సులిన్ తయారుచేసే కణములను నాశనము చేస్తుంది. ఇన్సులిన్ లేనిదే తిన్న ఆహారములోని చక్కెర రక్తములో నిలిచిపోతుంది గాని కణములలోనికి పోదు. దేహము ఆకలితో తన క్రొవ్వునే కరిగించుకొని, ఆ క్రమములో రక్తమును ఆమ్లముగా మార్చుకుంటుంది. పిల్ల మిఠాయిలు ఎక్కువ తిన్నందున వచ్చేది కాదు, తల్లి గర్భముతో ఉన్నప్పుడు ఏదో తిన్నందున వచ్చేది కాదు, ఒకరి నుండి ఒకరికి అంటేది కాదు. మితిమీరిన దాహము, మాటిమాటికి మూత్రము, ఆకలి ఉండి కూడా చిక్కిపోవడము, నీరసము – ఈ నాలుగు ఏ బిడ్డలో కనబడినా ఆ రోజే రక్త పరీక్ష చేయించండి. పక్క తడపడము మానిన పిల్లవాడు మరల తడపడము మొదలుపెట్టినా అంతే. గ్లూకోమీటరు పరీక్షకు ఒక నిమిషము పట్టదు. మేము మూడు వారములు పోగొట్టుకున్నాము.

1921కి ముందు ఈ వ్యాధి వచ్చిన బిడ్డకు మరణమే గాని మార్గము లేదు. ఆ సంవత్సరము కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో దానిని మొదట పొందిన రోగి లియొనార్డ్ థామ్సన్ అను బాలుడు. అప్పటికి మా మనుమరాలి వయసువాడే, బరువు ముప్పది కిలోలైనా లేడు. మొదటి సూది మందు శుద్ధి చాలక పనిచేయలేదు. కొలిప్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దానిని శుద్ధిచేసిన తరువాత పన్నెండు రోజులకు ఇచ్చినది పనిచేసింది. అతడు మరి పదమూడు సంవత్సరములు బ్రతికాడు. ఆ మందు హక్కులను కనుగొన్నవారు విశ్వవిద్యాలయమునకు ఒక్కొక్క డాలరుకే ఇచ్చివేశారు. బాంటింగ్ పుట్టినరోజైన నవంబరు 14ననే ప్రపంచ డయాబెటిస్ దినము ఆచరిస్తున్నారు. మన దేశములో అదే బాలల దినము. బడిలో పిల్లలకు మేము ఎన్ని సార్లు చాక్లెట్లు పంచిన రోజు అది!

ఆసుపత్రి నుండి వచ్చిన తరువాత ఇంటికి వచ్చిన పరామర్శలు మాకు మరియొక పరీక్ష. ఆడపిల్ల గదా, బయటికి చెప్పవద్దు, రేపు సంబంధములు రావు అన్నవారు బంధువులే. వేరొక ఊరి నుండి వచ్చిన ఒక బోధకుడు చేతులుంచి ప్రార్థించి, విశ్వాసముంటే సూది ఆపివేయండి అన్నాడు. మా అబ్బాయి కంట నీరు పెట్టుకొని మా ముఖము చూచాడు. మేము ప్రార్థనను తక్కువ చేసేవారము కాము. అయితే ఇన్సులిన్ ఆపితే ఈ బిడ్డ కొద్ది రోజులలోనే ప్రాణాపాయములో పడుతుంది. ఇందులో రెండవ అభిప్రాయము లేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే. యాయీరు కుమార్తె పండ్రెండేండ్ల బాలిక. ఆమెను లేపిన ప్రభువు, అంత గొప్ప అద్భుతము తరువాత ఇంటివారికి చెప్పిన మాట, ఆమెకు తినుటకు పెట్టండి అని. అన్నము పెట్టే పనిని తల్లిదండ్రుల చేతులలోనే ఉంచాడు. ఆ బోధకునికి కాఫీ ఇచ్చి పంపివేశాము. ఇన్సులిన్ ఆపలేదు.

ఇంతవరకు మంచిగానే నడుచుకున్నాము. తరువాత మేము చేసిన తప్పు వేరు. 2022 క్రిస్మస్‌కు, పిల్ల మనసు కష్టపెట్టకూడదని, ఇంటిలో తీపి ఏదియు చేయకూడదని తీర్మానించాము. కజ్జాయాలు లేవు, కేకు లేదు. ఇది ప్రేమయని అనుకున్నాము. చిన్న మనుమడు ఒకరోజు వచ్చి, “అక్క వల్ల మనకు పండుగ లేదంట గదా తాతా?” అని అడిగాడు. ఎవరు చెప్పారో అడుగలేదు. అది ఇల్లంతా చెప్పుకుంటున్న మాటే. ఆ బిడ్డ పక్కింటిలో తిని, మాకు తెలియకూడదని ఇన్సులిన్ కూడా వేసుకోక, పుస్తకములో తప్పు లెక్కలు వ్రాసింది. మూడు నెలలకొకసారి చేసే హెచ్‌బిఎ1సి పరీక్షలో బయటపడింది. మేము గద్దించబోతే ఆ డాక్టరమ్మ మమ్మును ఆపింది. ఈ వయసులో హార్మోనుల వలన చక్కెర తనంతట తానే ఎగుడుదిగుడులగును, మందు ఎక్కువ కావలసి వచ్చును, దినమునకు నాలుగైదు సూదులతో విసుగును పుట్టును, ఆ పుస్తకమును పిల్లను శిక్షించుటకు వాడితే ఇక ఎన్నడూ నిజము వ్రాయదు అన్నది. ఉపాధ్యాయ శిక్షణ పొంది, కోపి కొట్టిన పిల్లలను ఎందరినో చూచిన మాకు, ఈ సంగతి వేరొకరు చెప్పవలసి వచ్చింది.

ఇక గుడ్ ఫ్రైడే. అంతకు ముందు ఆదివారము యౌవనస్థుల కూటములో మేము ఉపవాసమును గూర్చి మాట్లాడుతూ, ఏడు మాటల ఆరాధన ముగియు వరకు నీళ్లైనా ముట్టని పాతకాలపు పిల్లలను పొగిడాము. ఈ కాలపు పిల్లలకు ఆ పట్టుదల లేదని కూడా అన్నాము. మనుమరాలు మూడవ బెంచీలో ఉన్నది. శుక్రవారము అది ఉదయపు ఇన్సులిన్ వేసుకొని, తినకుండ వచ్చింది. నాలుగవ మాట నడుస్తుండగా చెమటలు పట్టి, చేతులు వణకి, ఏదో సంబంధము లేని మాటలు మాట్లాడి ప్రక్కకు ఒరిగిపోయింది. స్త్రీల సమాజపు పెద్దామె ఒకరు, చదువు అంతగా లేనివారు, పరుగెత్తి పోయి వంటగదిలోని చక్కెర నీళ్లలో కలిపి తెచ్చారు. ఇంకా మ్రింగగల స్థితిలో ఉన్నది గనుక త్రాగించగలిగారు. పది పదిహేను నిమిషములకు కన్నులు తేటబడినవి. యోనాతానుకు కలిగినది ఏమిటో మేము ఆ బెంచీ దగ్గర నిలబడి చూచాము. ఒట్టు పెట్టించినవారము మేము, విడిపించినది సంఘము.

ఇది ఎవరి ఇంటిలోనైనా జరుగవచ్చును గనుక గుర్తుంచుకోండి. చక్కెర 70 కంటె తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి, పదిహేను నిమిషములాగి మరల చూడాలి, ఇంకను తక్కువైతే మరల ఇవ్వాలి. స్పృహ తప్పినవారి నోటిలో మాత్రము ఏమియు పోయరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఇక ఇన్సులిన్ సంగతి: వాడని సీసాలు ఫ్రిజ్జులో 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టే అరలో పెట్టరాదు. కరెంటు పోయే ఊళ్లలో తడి ఇసుకలో పెట్టిన మట్టికుండ చాలా మేలు.

ఆ రాత్రి మేము మనుమరాలి మంచము దగ్గర కూర్చొని, క్షమించమని అడిగాము. అది గోడవైపు తిరిగి, “నువ్వు పొగిడే పిల్లల్లో నేను కూడా ఉండాలనుకున్నా తాతా” అన్నది.

ఆ సంవత్సరము క్రిస్మస్‌కు కజ్జాయాలు మరల పొయ్యి ఎక్కినవి. అయితే డబ్బాల నుండి రోజంతా తినడము మానివేసి, అందరమూ భోజనముతో పాటు తినడము అలవాటు చేసుకున్నాము. ఒక కజ్జాయానికి ఎంత ఇన్సులిన్ వేసుకోవాలో డాక్టరమ్మ నేర్పిన లెక్క ప్రకారము అదే చూసుకుంటుంది. బెల్లమైతే ఫరవాలేదు, రాగి సంగటి ఎంతైనా తినవచ్చు అనే మా కోలారు నమ్మకములు రెండును తప్పని కూడ తెలిసింది. రెండింటిలోను పిండిపదార్థమో చక్కెరయో ఉన్నది, లెక్కలోనికి రావలసినదే. మా ఇంటావిడకు మాత్రము రాగి విషయములో ఇంకను సందేహమే. వ్యాధి సంగతి సండే స్కూలు టీచర్లకు, స్నేహితులకు తానే చెప్పుకున్నది. సంబంధముల మాట ఎత్తిన బంధువులకు మా కోడలు, దాచి చేసే పెండ్లి మాకు వద్దన్నది.

నిరుటి కేరల్ రౌండ్సుకు అది వెళ్లింది. చలిలో అంత దూరము నడిస్తే చక్కెర తగ్గుతుంది గనుక బయలుదేరుటకు ముందే తిన్నది, కానుకల పెట్టె మోసే పిల్లవాని సంచిలో చక్కెర పొట్లములు, బిస్కెట్లు వేసింది. ఆరవ ఇంటి దగ్గర ఆగి, అందరి ముందే వేలు పొడిచి చూసుకుంటే 62 ఉన్నది. అరుగు మీద కూర్చొని పొట్లము విప్పింది. డోలక్ వాయించేవాడు గడియారము చూచి, “పదిహేను నిమిషాలు కదా అక్కా?” అని అడిగి, ఆ ఇంటివారి కొరకు మరియొక పాట ఎత్తుకున్నాడు. లోపల నుండి ముసలామె ఒకరు కంబళి తెచ్చి దాని భుజముల మీద కప్పారు. రెండవ సారి చూచినప్పుడు 94 వచ్చింది. ఏడవ ఇంటికి నడిచారు.