నీ రోస్టర్‌కి తగిన దినచర్య

కద్మా, జంషెడ్‌పూర్



నీ షిఫ్టుల మధ్య తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునే వీలు చిక్కడం లేదు, అందుకే ఉత్తరం. మొన్న మీ గదికి వచ్చినప్పుడు, ఏదో పుస్తకం చూసి రాసుకుని గోడకి అంటించుకున్న దినచర్య చదివాను. అయిదింటికి లేవడం, జూబిలీ పార్కులో పరుగు, గంటసేపు డిప్లొమా చదువు, జీతంలో అయిదో వంతు పొదుపు. నీ పట్టుదలకి సంతోషించాను. కానీ నీ మొహం పీక్కుపోయి ఉంటే దిగులుపడ్డాను.

ఆ పుస్తకం రాసినాయన రోజూ రాత్రిపూట పడుకునేవాళ్ళ కోసం రాశాడు. రాత్రంతా సాగే సి షిఫ్టులో అయిదింటికి నువ్వు ఫర్నేసు దగ్గర ఉంటావు. ఆరింటికి బయటపడి, పార్కుకి వెళ్ళి పరుగెత్తి, వచ్చి పుస్తకం పట్టుకుంటే ఇంక నిద్రెప్పుడురా? మన ఒంట్లో ఒక గడియారం ఉంది. అది ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. దాన్ని సరిచేసేది ముఖ్యంగా వెలుతురు. షిఫ్టు మారిన మర్నాడే అది మారదు, కొన్ని రోజులు పడుతుంది. అంచేత సి షిఫ్టు వారంలో పరుగూ వద్దు, చదువూ వద్దు. కిటికీకి మందపాటి దుప్పటి కట్టుకుని కడుపునిండా నిద్రపో. చదువుకి కావలసింది ఎవరూ కదపని ఒక గంట. బి షిఫ్టులో అది పొద్దున్న ఎనిమిదింటికి దొరుకుతుంది, ఎ షిఫ్టులో మధ్యాహ్నం కునుకు తీశాక.

మన ఉక్కు కంపెనీ సంగతే చూడు. చార్లెస్ పేజ్ పెరిన్ వంటి అమెరికా ఇంజనీర్ల చేత కట్టించారు. అయినా 1912లోనే ఇక్కడ ఎనిమిది గంటల పని పెట్టారు. అక్కడి ఉక్కు మిల్లుల్లో పన్నెండు గంటల పని 1923 దాకా సాగింది. వాళ్ళ దగ్గర ఉక్కు తీయడం నేర్చుకున్నారు గానీ వాళ్ళ పనిగంటలు తెచ్చుకోలేదు. ఆ పుస్తకం విషయంలో నువ్వూ అంతే చెయ్యి.

ఇంక పొదుపు. గది అద్దె, శ్రీకాకుళం పంపే డబ్బు, చెల్లి పెళ్ళి అప్పు వాయిదా పోగా నీ చేతిలో అయిదో వంతు ఎక్కడ మిగులుతుంది? ఇంటికి పంపేది తగ్గించమని ఎవరు చెప్పినా వినకు. వడ్డీ అప్పు తీర్చడమూ పొదుపే. నెలనెలా నీకు చేతనైనంత రికరింగ్ డిపాజిట్‌లో వేసుకో, వెయ్యి రూపాయలైనా సరే. దసరా ముందు బోనస్ పడగానే, బిష్టుపూర్ బజారులో అడుగుపెట్టకముందే, అందులో పెద్ద మొత్తం అప్పుకి జమకట్టు.

ఇంకొకటి. మీ అమ్మ రోజూ పొద్దున్న పదింటికి ఫోన్ చేస్తుందని నాకు తెలుసు. నీ రోస్టర్ తనకి పంపు. సి షిఫ్టు వారాల్లో సాయంత్రం చెయ్యమను. చెప్పడానికి నీకు మొహమాటమైతే అక్కతో నేనే మాట్లాడతాను.

మీ మావయ్య