ఇంకొక్కటే బావా!

తెల్లవారుజామున నాలుగున్నరకి మెలకువ వచ్చేసింది. ఎవరూ లేపలేదు. నోరు పిడచకట్టుకుపోయింది, గుండె పరుగుపందెంలో ఉన్నట్టు కొట్టుకుంటోంది. పుదుచ్చేరిలో ముత్యాలుపేట వైపు ఒక గెస్ట్‌హౌస్‌లో నలుగురం దిగాం. పక్క మంచం మీద మా బావమరిది బూట్లతోనే బోర్లా పడి ఉన్నాడు. టీపాయ్ మీద సగం కొరికిన చేప ముక్కలు, మూత తీసి వదిలేసిన సోడా, ఒక గ్లాసులో అడుగున నానిన వేరుశనగ గింజలు. ఆ వాసనకి కడుపులో తిప్పింది. దిండు కింద నుంచి ఫోన్ తీసి రాత్రి ఎవరికి ఏం పంపానో చూసుకున్నాను. ఆఫీసు గ్రూపులో పదకొండు నలభైకి ఒక పాట పాడి పెట్టాను. నలభై రెండు సెకన్లు. మా మేనేజరు దానికి జవాబుగా నమస్కారం బొమ్మ పెట్టారు.

పాట సంగతి వదిలేయండి, అది కొన్నాళ్లకి నవ్వులాటగా మారిపోయింది. నన్ను తొలిచింది ఇంకొకటి. రెండు పెగ్గులతో ఆపేద్దామనే వెళ్ళాను. తొమ్మిదింటికే చాలనిపించింది కూడా. కానీ ఆ మాట గొంతు దాటి రాలేదు. బావమరిది సీసా వంచుతూ "ఇంకొక్కటే బావా, నా మీద ఒట్టు" అన్నాడు. ఆ తర్వాత ఇంకో ఒట్టు పడింది. నాకు ఇష్టమై తాగింది రెండు, ఒట్టు కోసం తాగింది రెండు. మర్నాడు తల పగిలింది మాత్రం నాలుగింటికీ కలిపి.

ఈ బాధకి మన వాడుకలో సొంత మాట లేదు. హ్యాంగోవర్ అనే అంటాం, లేదంటే "రాత్రిది ఇంకా దిగలేదు" అంటాం. పాత వైద్యులు మాత్రం పేర్లు పెట్టారు. చరకసంహిత చికిత్సాస్థానంలో మదాత్యయానికి ఒక అధ్యాయమే ఉంది. సుశ్రుతుడు పానాత్యయం, పరమదం, పానాజీర్ణం, పానవిభ్రమం అని నాలుగు రకాలుగా విడదీశాడు. నన్నడిగితే వీటన్నిటికీ మూలంలో ఉన్న జబ్బు పేరు మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే మోటు సామెత ఒకటి మనకుంది. ఇక్కడ రాయను గానీ, మీకు తెలుసు.

పుదుచ్చేరిలో ఈ మొహమాటానికి ఇంకో రెండు తోడవుతాయి. ఒకటి చవక. తమిళనాడులో 2003 నుంచీ చిల్లర మద్యం అమ్మకం ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతిలోనే ఉంది. గీత దాటితే ఇక్కడ ప్రైవేటు దుకాణాలు, తక్కువ పన్ను. ఫ్రెంచివాళ్లు 1954 నవంబరు 1న ఊరు అప్పజెప్పారు గానీ వాళ్లు గీసిన గీత అలాగే ఉండిపోయింది. కాకినాడ వాళ్లకి ఇంత దూరం రావలసిన పని లేదు, అదే పుదుచ్చేరిలో భాగమైన యానాం వాళ్ల పక్కనే ఉంది. చెన్నైలో ఉద్యోగాలు చేసే మనవాళ్లూ, నెల్లూరు, తిరుపతి కుర్రాళ్లూ శుక్రవారం సాయంత్రం ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద పడి వస్తారు. చెన్నై నుంచి నూట యాభై కిలోమీటర్లు. రెండోది ఆ దూరమే. "ఇంత దూరం వచ్చాం కదా" అన్న మాట ఎన్ని గ్లాసులు నింపిందో లెక్కలేదు. చవకగా దొరికిందని బట్టలు కొంటే బీరువాలో పడి ఉంటాయి. మందు అలా పడి ఉండదు.

ఇక లెక్కకి వద్దాం, చిన్న లెక్కే. మన విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. లార్జ్ అంటే 60 మిల్లీలీటర్లు, అందులో అసలు మద్యం సుమారు 20 గ్రాములు. బీరే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఇది చూడాలి. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతం దాకా ఉంటుంది. అంటే ఒక సీసాలో 40 గ్రాములకి పైనే, రెండు లార్జ్‌లకి సమానం. మన కాలేయం గంటకి ఏడెనిమిది గ్రాములు, మహా అయితే పది గ్రాములు అవగొడుతుంది. బతిమాలినా, కాఫీ పోసినా, చన్నీళ్లు కుమ్మరించినా దాని వేగం పెరగదు. నేను తాగింది నాలుగు లార్జ్‌లు, 80 గ్రాములు. రాత్రి ఎనిమిదికి మొదలుపెడితే అది పూర్తిగా దిగేసరికి పొద్దున ఆరో, ఏడో అవుతుంది. విచిత్రమేమిటంటే హ్యాంగోవర్ బాగా ముదిరేది సరిగ్గా అప్పుడే, రక్తంలో మద్యం దాదాపు సున్నాకి వచ్చేసరికి. పుదుచ్చేరిలో సూర్యుడు బంగాళాఖాతం మీద లేచే వేళకి.

ఈ లెక్కతో ఇంకో పని ఉంది. ఆ పొద్దున ఆరింటికే కారు తీసి చెన్నై బయలుదేరేవాళ్లు "రాత్రి తాగాం, ఇప్పుడు కాదు కదా" అనుకుంటారు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌కి ఎప్పుడు తాగారన్నది అక్కర్లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే చాలు, మొదటిసారికే పది వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ పడవచ్చు. మధ్యాహ్నం భోజనం చేసి కదలండి. అలాగే మందు మీద ఉండగా సముద్రంలోకి దిగొద్దు. ఊరి ఒడ్డున చాలాచోట్ల ఉన్నవి బండరాళ్లు, ఇసుక తిన్నెలు కావు.

ఒంట్లో జరిగేది టూకీగా ఇది. మద్యం కాలేయంలో ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారి, ఆ తర్వాత విరుగుతుంది. మూత్రాన్ని అదుపులో ఉంచే హార్మోనును అణిచేస్తుంది కాబట్టి తాగినదానికంటే ఎక్కువ బయటికి పోతుంది. పేగుల్ని రేపుతుంది. నిద్ర పట్టిస్తుంది గానీ రాత్రి రెండో సగంలో దాన్ని చెడగొడుతుంది. రాత్రంతా మద్యం మెదడుకి బ్రేకు వేసి ఉంచితే, మెదడు దానికి ఎదురుగా యాక్సిలరేటర్ తొక్కుతూ ఉంటుంది. పొద్దునకి బ్రేకు తీసేశారు, యాక్సిలరేటర్ మీద కాలు అలాగే ఉంది. నాలుగున్నరకి వచ్చే ఆ గుండెదడ, "ఏం వాగానో, ఎవరేమనుకున్నారో" అన్న దిగులు ఇందులోంచి పుట్టేవే. కాబట్టి ఆ వేళలో క్షమాపణ మెసేజులు పెట్టకండి. పదింటికి ఫోన్ చేసి "రాత్రి కాస్త ఎక్కువ మాట్లాడాను, ఏమనుకోకు" అంటే సరిపోతుంది.

మందులున్నాయా అంటే, లేవు. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ సమీక్షించి, హ్యాంగోవర్‌ను ఆపేదీ తగ్గించేదీ ఏదీ గట్టిగా రుజువు కాలేదని తేల్చారు. ముందు బీరా, ముందు వైనా అన్న పంచాయితీ కూడా 2019లో జర్మనీలో తొంభై మంది మీద ప్రయోగంతో తీరిపోయింది. వరసతో ఏం తేడా రాలేదు. ఉపశమనానికి మన వంటింట్లో ఉన్నవి చాలు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు, నిమ్మరసం, మిరియాల చారు, తరవాణి పోసుకుని నాలుగు ముద్దలు చద్దన్నం. పుదుచ్చేరిలో ఏ వీధి చివరనైనా ఇడ్లీ దొరుకుతుంది, అది కడుపుకి హాయి. వాంతులైతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి గుక్కగుక్కగా తాగండి. తలనొప్పికి గబుక్కున పారాసెటమాల్ వేసుకోకండి, ఆ వేళ కాలేయం ఇంకా రాత్రి పనిలోనే ఉంటుంది. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ రేగిన కడుపుని ఇంకా రేపుతాయి.

మా రూములో మూడోవాడు ఆ పొద్దున ఒక వైద్యం చెప్పాడు. "ముల్లును ముల్లుతోనే తీయాలి అన్నా, ఒక చిన్న పెగ్గు వేస్తే సర్దుకుంటుంది." ఈ సామెతని మందుబాబులు వాడుకున్నంతగా ఇంకెవరూ వాడుకుని ఉండరు. సర్దుకున్నట్టు అనిపించే మాట నిజమే, ఎందుకంటే బాకీ మధ్యాహ్నానికి వాయిదా పడుతుంది. పొద్దున చేతులు వణకడం, పెగ్గు పడగానే వణుకు ఆగడం రోజూ జరుగుతుంటే మాత్రం దాన్ని హ్యాంగోవర్ అనకూడదు. అది వ్యసనం. సొంతంగా ఒక్కసారిగా ఆపేయడం కూడా అప్పుడు ప్రమాదమే, డాక్టరు దగ్గర ఆపాలి. 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైను, 14416 మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్. ఇంకో మాట. ఎంత లేపినా లేవనివాడు, ఊపిరి ఆగాగి తీసేవాడు, ఒళ్లు చల్లబడినవాడు "పడుకుంటే తగ్గిపోతుంది" అనే బాపతు కాదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. పుదుచ్చేరిలో గోరిమేడు దగ్గర జిప్‌మర్ ఆస్పత్రి ఉంది.

ఇక అసలు విషయం, గ్లాసు నిండే క్షణం.

మన పెళ్లిభోజనాల్లో గరిట పట్టుకుని వడ్డించేవాడు వస్తాడు. "ఇంకొక్క గరిటె అండీ" అంటాడు. మనం ఏం చేస్తాం? ఉపన్యాసం ఇవ్వం. డాక్టరు వద్దన్నాడని అబద్ధం చెప్పం. నవ్వుతూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. వాడు ఒకసారి బతిమాలి పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోతాడు. ఎవరికీ అవమానం జరగదు. విస్తరి ముందు పుట్టుకతో వచ్చిన ఈ విద్య గ్లాసు ముందు ఎందుకు పనికిరాకుండా పోతోంది? నాకు తోచిన కారణం, అన్నం వద్దంటే కడుపు నిండిందని అర్థం చేసుకుంటారు, మందు వద్దంటే "మాతో కలవడం లేదు" అనుకుంటారని మన భయం. కొసరి కొసరి వడ్డించడం మనవాళ్ల మంచి గుణం. దాన్ని సీసాకి కూడా అంటగట్టుకున్నాం.

మరుసటి ఏడాది మళ్ళీ వెళ్ళాం, అదే నలుగురం. ఈసారి బయలుదేరే ముందే మా ఆవిడతో రెండే అని చెప్పాను. మనసులో అనుకున్న మాట మనసులోనే జారిపోతుంది, ఒకరితో అంటే కాస్త నిలబడుతుంది. ముందు పెరుగన్నం తిన్నాను. ఖాళీ కడుపు మీద పోసింది వేగంగా ఎక్కుతుంది, పైగా ఉప్పూ కారం దట్టించిన మంచింగ్ భోజనం కిందికి రాదు. నా గ్లాసు నేనే పోసుకున్నాను, పూర్తిగా అయ్యేదాకా మళ్ళీ పోయనివ్వలేదు. సగంలో ఉండగా నింపేస్తే లెక్క తప్పుతుంది, నింపేవాళ్ల ఉద్దేశం కూడా అదే. మధ్యలో నీళ్లు. రెండయ్యాక బావమరిది సీసా ఎత్తగానే గ్లాసు మీద అరచెయ్యి పెట్టాను.

"ఏంటి బావా, మారిపోయావు."

"చాలురా."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. చాలు."

ఇక్కడ కారణం చెప్పి ఉంటే ఓడిపోయేవాణ్ణి. మాత్రలు వాడుతున్నానంటే ఏం మాత్రలో చూపించమంటారు. పొద్దున పనుందంటే ఆ పని తాము చేసిపెడతామంటారు. కారణం వాదనకి పిలుపు. "చాలు"తో వాదించడానికి ఏమీ ఉండదు. మూడోసారి సీసా వచ్చినప్పుడు ఒక చుక్క నా వేళ్ల మీద పడింది, చెయ్యి తీయలేదు. వాడు అరగంట ముఖం ముడుచుకుని, తర్వాత క్రికెట్ గొడవలో పడి మర్చిపోయాడు. మర్నాడు వాడికి ఆ అలకే గుర్తులేదు. అరగంట అలకకి భయపడి ముందటేడు ఒక రోజంతా పోగొట్టుకున్నానన్నమాట.

మీరు వడ్డించే వైపు ఉంటే పని ఇంకా సులువు. ఒట్టు వేయకండి. ఒకసారి అడగండి, వద్దంటే సోడా ఇవ్వండి.

నాది నెల్లూరు జిల్లా. మా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డప్పుడు నేను బళ్ళో ఉన్నాను. తాగినవాడి మర్నాడు పొద్దున ఎలా ఉంటుందో తాగినవాడికంటే ఇంట్లోవాళ్లకే బాగా తెలుసు. పిల్లలు చప్పుడు చేయకూడదు, గిన్నె కింద పడకూడదు, కూలి డబ్బులెక్కడని అడగకూడదు. సారా నిషేధం 1993లో వచ్చింది, సంపూర్ణ మద్యనిషేధం 1995లో. 1997లో దాన్ని ఎత్తేశారు. ప్రభుత్వం గ్లాసు మీద పెట్టిన చెయ్యి రెండేళ్లే ఉంది. ఎంత తక్కువైనా ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది కూడా. నేను రెండు దగ్గర ఆగినవాణ్ణి, సున్నా దగ్గర ఆగినవాళ్లు నాకంటే తెలివైనవాళ్లు.

ఆ రెండోసారి ఐదున్నరకే లేచి బీచ్ రోడ్డుకి నడిచాను. జింజి నుంచి తెచ్చిన రాతి స్తంభాల మధ్య గాంధీ విగ్రహం, ఆయన చుట్టూ చౌక మందు దొరికే ఊరు. ముసలివాళ్లు చేతులూపుకుంటూ నడుస్తున్నారు. రాళ్ల మీద కూర్చున్న ఒకాయన పీత కనబడ్డప్పుడల్లా మనవరాలికి చూపిస్తున్నాడు. సూర్యుడు లేచాక నీళ్ల మీద ఇత్తడి రంగు పరుచుకుంది. పాత లైట్‌హౌస్ దగ్గర నిలబడి కాఫీ తాగాను. దాని రుచి తెలిసింది.

సాయంత్రం ఆరుకి మూసిన ఆ రోడ్డు మీదికి మళ్ళీ బళ్లు వదిలేది పొద్దున ఏడున్నరకి. ఆ లోపే వెళ్ళండి.