ముసలి కుక్కకూ మతిమరుపు వస్తుందా?

ప్రశ్న: మా పొమరేనియన్‌కు 13 ఏళ్లు. రాత్రిళ్లు గోడ మూలకు తలపెట్టి నిలబడిపోతోంది, ఇంట్లోనే మూత్రం పోస్తోంది. మా అమ్మ మతిమరుపూ ఇలాగే మొదలైంది. కుక్కల మెదడును చూసి మనుషుల జబ్బు తెలుసుకుంటారట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నిజమేనమ్మా. అల్జైమర్స్‌లో మెదడులో పేరుకునే బీటా అమిలాయిడ్ అనే ప్రోటీన్ నిర్మాణం కుక్కలోనూ మనిషిలోనూ ఒక్కటే. ఎలుకల్లోనైతే అది పేరుకోవడానికి మనిషి జన్యువును చొప్పించాలి. కుక్కల్లో వయసుతో దానంతటదే వస్తుంది. పైగా అవి మన ఇళ్లలోనే, మన గాలే పీలుస్తూ ముసలివవుతాయి. పోలిక పూర్తిగా కుదరదు: మనుషుల్లో కనిపించే టౌ ప్రోటీన్ ముడులు కుక్కల్లో అరుదు.

కాలిఫోర్నియాలో 2001లో వచ్చిన అధ్యయనంలో 11-12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15-16 ఏళ్లవాటిలో 68 శాతానికి కనీసం ఒక మతిమరుపు లక్షణం కనిపించింది. ముసలి బీగిల్ కుక్కలపై చేసిన ప్రయోగాల్లో యాంటీఆక్సిడెంట్ల ఆహారంతో పాటు ఆటలు, నడక, తోడు దొరికినవి బాగా నేర్చుకున్నాయి. కుక్కల్లో టీకాతో అమిలాయిడ్ తగ్గించినా తెలివి పెద్దగా మెరుగుపడలేదు. నా దృష్టిలో మనుషుల వైద్యానికి ఇది చాలా విలువైన హెచ్చరిక. అమెరికాలోని డాగ్ ఏజింగ్ ప్రాజెక్ట్ పెంపుడు కుక్కలను వాటి ఇళ్లలోనే ఉంచి గమనిస్తోంది; నాకు నచ్చే దారి అదే.

మీ కుక్కను ముందు మామునూరు పశువైద్య కళాశాలలో చూపించండి. కిడ్నీ జబ్బు, షుగరు, చూపు తగ్గడం వల్లా ఇలా జరగొచ్చు. తిట్టకండి. అమ్మగారి మాత్రలు దానికి అస్సలు వేయకండి.