కనుమ పండుగ: భూతయజ్ఞము

గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. తాను భుజించుటకు ముందు పశుపక్ష్యాదులకు అన్నభాగము నిడుట దీని స్వరూపము. వైశ్వదేవ మెరుగని కర్షకుని యింట నీ ధర్మము సంక్రాంతి మరునాడు, కనుమనాడు, ప్రత్యక్షమగును.

ఆనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, పసుపు కుంకుమలతో పూజింతురు. ఎద్దులను బండికి గాని నాగలికి గాని కట్టరు. కనుమనాడు కాకియైనను కదలదని సామెత. తమిళదేశమున నిదియే మాట్టుప్పొంగల్.

గోదావరి మండలములలో క్రొత్త వరికంకులను కుచ్చులుగా అల్లి చూరులకును, ఆలయ మండపములందును వ్రేలాడదీయుదురు. అవి పిచ్చుకల భాగము. ఎద్దునకు చేయు పూజ కృతజ్ఞత యనవచ్చును. అది ఏడాది పొడవున మనకై శ్రమించినది. పిచ్చుక మనకు దున్నలేదు, మోయలేదు. పైగా చేనిలో గింజలు తిన్నది. అయినను దానికి భాగము గలదు. యజ్ఞమనగా నిదియే.

కోతయంత్రములు వచ్చిన పిమ్మట ఎద్దులు లేని యూళ్లు పెక్కు. ట్రాక్టరునకు బొట్టు పెట్టి సరిపుచ్చువారు గలరు. అది ఆయుధపూజ యగును గాని భూతయజ్ఞము కాజాలదు. యంత్రమునకు ఆకలి లేదు గదా! అట్టివారు కంకికుచ్చునైనను కట్టవచ్చును. యంత్రము కంకిని నిలువనీయదు గనుక, కోతనాడు మడిలో నొక మూల కొడవలికై విడిచి యుంచవలెను.