ముప్పయ్యో రోజున అద్దం చూడండి

సెలూన్ కుర్చీలో కూర్చోగానే "ఎలా చేయమంటారు?" అని అడుగుతారు. చాలామంది నోట వచ్చేది ఒకటే మాట: "మీడియం." దానికి కొలత లేదు. ఈసారి ఇలా అని చూడండి: "అన్నా, మళ్లీ ఆరు వారాలకు గానీ రాలేను. అప్పటిదాకా కుదురుగా ఉండాలి." పని తెలిసినవాడైతే మిషన్ పక్కన పెట్టి కత్తెర, దువ్వెన అందుకుంటాడు.

ఎందుకో లెక్క చూడండి. జుట్టు నెలకు సుమారు 12 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పక్కల రెండో నంబరు మిషన్ పెట్టిస్తే మిగిలేది 6 మిల్లీమీటర్లు. నెల తిరిగేసరికి 18, అంటే మూడింతలు! చెవుల పైన పొదలా లేస్తుంది. అదే కత్తెరతో 25 ఉంచితే నెలకు 37. ఉన్నదానికి సగం కలిసిందంతే. ఆకారం చెదరదు. పక్కలు బాగా కురచగా తగ్గించే ఫేడ్ చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ పది రోజులకోసారి షాపుకు వెళ్లగలిగేవాళ్ల కటింగ్ అది.

మెడ వెనక జుట్టును గీత గీసినట్టు అడ్డంగా కత్తిరించనివ్వకండి. వారానికే ఆ గీత కింద కొత్త వెంట్రుకలు మొలిచి మాసినట్టుంటుంది. కిందికి వచ్చేకొద్దీ పలచబడి చర్మంలో కలిసిపోవాలి.

అన్నిటికంటే ముఖ్యం సుడి. అక్కడ వెంట్రుక తన దారిన తాను తిరుగుతుంది. కురచగా కత్తిరిస్తే నిలబడుతుంది, కాస్త పొడవుంటే తన బరువుకు తానే ఒదుగుతుంది. ఒకసారి నా సుడి దగ్గర బాగా తగ్గించేశారు. మూడు వారాలకు తమ్ముడి పెళ్లి. ఆల్బమ్ తెరిస్తే ఇప్పటికీ నా చూపు ముందు ఆ లేచిన పిలక మీదికే పోతుంది. అప్పటినుంచి కూర్చోగానే వేలు పెట్టి చూపిస్తాను: "ఇక్కడ పొడవు తియ్యొద్దు."

జుట్టు పలచన చేసే పళ్ల కత్తెర కుదుళ్ల దాకా పోనివ్వకండి. లోపలి పొట్టి వెంట్రుకలు పెరుగుతూ పై జుట్టును ఎత్తేస్తాయి. ఉంగరాల జుట్టు తడిస్తే సాగుతుంది, ఆరితే కురచవుతుంది. ఆరాక మరోసారి సరిచూడమనండి.

ఇంత పని ఆదివారం పొద్దున, వెనక ఆరుగురు కాచుక్కూర్చుంటే జరగదు. మంగళవారం చాలాచోట్ల షాపులే తెరవరు. బుధవారం మధ్యాహ్నం వెళ్లండి. నూనె, జెల్ లేకుండా, రోజూ ఎలా ఉంటారో అలాగే. ఇంటర్వ్యూ ఉంటే వారం ముందే చేయించుకోండి.

ముప్పయ్యో రోజున ముందు, పక్క, వెనక ఫొటోలు తీసుకోండి. తర్వాతిసారి హీరో ఫొటో బదులు అవే తెరిచి, జుట్టు ఎక్కడ లేచిందో, ఎక్కడ గుబురెక్కిందో అన్నకు చూపించండి.