పాత జీపులో గాలి వాల్వు మార్చుట

పాత పెట్రోలు జీపు ఇంజను అతుకుల వద్ద ఆయిలు కారుచున్నచో చాలమంది సీళ్లు మార్పింతురు. కొలది దినములలో మరల కారును. రైతు సోదరులు సీళ్లకు సొమ్ము పెట్టుటకు ముందు క్రాంక్ కేసు గాలి వాల్వును చూడవలెను.

సిలిండరులోని వాయువు కొంత పిస్టన్ రింగులను దాటి క్రాంక్ కేసులోనికి దిగును. అందు నీటి ఆవిరియు, మండని పెట్రోలును ఉండును. విల్లీస్ జీపులో దీనిని ఇంజనే తిరిగి పీల్చుకొనునట్లు ఇన్‌టేక్ మానిఫోల్డుకు చిన్న వాల్వు బిగించియుందురు. అది మసిపట్టి పూడినచో వాయువు సీళ్లను త్రోసికొని వచ్చును. ఆయిలు బురదవలె మారును. తెరచుకొనియే నిలిచిపోయినచో గాలి ఎక్కువై, ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు కుదుపుచు ఆగిపోవును.

పరీక్షించుటకు ముందు పైకండువా తీసివేయుడు, ఫ్యానులో చిక్కుకొనును. ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా గొట్టము ఊడదీసి, వాల్వు నోటికి వ్రేలు అడ్డము పెట్టుడు. పీల్పు తెలియనిచో అది పూడినది. వ్రేలు పెట్టగానే కుదుపు పోయినచో అది సరిగా మూసికొనుట లేదు.

ఇంజను చల్లారిన పిమ్మట పాతదానిని స్పానరుతో విప్పి, గొట్టమును కిరోసినుతో కడిగి ఆరబెట్టవలెను. పగిలినచో అదియు మార్చవలెను. కొత్త వాల్వు ఆ ఇంజనుకు ఉద్దేశించినదే కావలెను. మర పట్టినంత మాత్రమున చాలదు, లోపలి రంధ్రపు కొలత ముఖ్యము. ఆయిలు బురదగట్టియున్నచో దానిని కూడ మార్చుడు.

కొందరు మేస్త్రీలు వాల్వు తీసి బోల్టు బిగించి పంపుదురు. అందుకు ఒప్పుకొనవద్దు. కొత్త వాల్వు పెట్టినను ఆయిలు పోయు గొట్టము నుండి పొగ విడువక వచ్చుచున్నచో రింగులు అరిగినవేమో చూపించుకొనవలెను.