గాలికి తగిన ఇంధనం: సూపర్‌ఛార్జర్ ఇంజనుకు ఇంజెక్టర్ల ఎంపిక

అగ్ని మండటానికి ఇంధనం, గాలి రెండూ కావాలన్నది మనం పాఠశాలలో నేర్చుకున్న తొలి పాఠాలలో ఒకటి. మోటారు ఇంజను ఆ పాఠానికే యంత్రరూపం. ఒక కిలో పెట్రోలు సంపూర్ణంగా దహనం కావడానికి సుమారు 14.7 కిలోల గాలి అవసరం. ఈ నిష్పత్తిని కాపాడటమే ఇంధన వ్యవస్థ చేయవలసిన పని. ఒకప్పుడు ఈ బాధ్యతను కార్బురేటర్ నిర్వహించేది. నేడు ఇంజెక్టర్ నిర్వహిస్తున్నది. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో మోటారు సైకిళ్లలో సైతం ఇంజెక్టర్ ప్రవేశించింది. కనుక కళాశాల ఆవరణలో నిలిపి ఉంచే వాహనాలలో అనేకం ఈ వ్యాసానికి ఉదాహరణలే.

ఇంజెక్టర్ అంటే విద్యుత్తుతో తెరుచుకొనే ఒక చిన్న కవాటం. దానిలోని తీగచుట్టకు విద్యుత్తు అందగానే సూది పైకి లేస్తుంది. పంపు ఒత్తిడికి లోనై వేచి ఉన్న పెట్రోలు సన్నని తుంపరగా బయటికి వస్తుంది. ఆ సూది ఎంతసేపు తెరుచుకొని ఉండాలో ఇంజనులోని కంప్యూటర్ నిర్ణయిస్తుంది. కంప్యూటర్ కాలాన్ని మార్చగలదు గాని రంధ్రం పరిమాణాన్ని మార్చలేదు. ఆ పరిమాణాన్ని ముందుగా ఎన్నుకోవలసినది ఇంజనును కూర్చే మనిషే. సూపర్‌ఛార్జర్ అమర్చిన ఇంజనులో ఈ ఎంపిక ఎట్లా జరగాలో మనం పరిశీలిద్దాం.

సూపర్‌ఛార్జర్ తెచ్చే మార్పు

సామాన్యమైన ఇంజను వాతావరణ పీడనం తోసినంత గాలినే లోనికి తీసుకుంటుంది. సూపర్‌ఛార్జర్ క్రాంక్ షాఫ్ట్ నుండి బెల్టు ద్వారా శక్తిని గ్రహించి, గాలిని ఒత్తి సిలిండర్లలోనికి పంపుతుంది. దీని మూలరూపాలలో ఒకదానికి అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందారు. నాడు అది కొలుములకు, గనులకు గాలి ఊదే యంత్రం. తరువాతి కాలంలో అదే మోటారు ఇంజనుకు ఊపిరి అందించే సాధనమైంది.

దీనివల్ల ఇంధన విషయంలో మూడు మార్పులు కలుగుతాయి. మొదటిది, గాలి పెరిగినప్పుడు అదే నిష్పత్తిలో పెట్రోలు కూడా పెరగాలి. రెండవది, సూపర్‌ఛార్జర్‌ను త్రిప్పడానికి ఇంజను తన శక్తిలోనే కొంత వెచ్చించాలి. చక్రాలకు చేరని ఆ శక్తికి కూడా పెట్రోలు ఖర్చవుతుంది. మూడవది, ఒత్తిన గాలి వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టేటప్పుడు దాని అడుగుభాగం వేడెక్కడం మనందరికీ అనుభవమే. అట్లా వేడెక్కిన మిశ్రమంలో కొంత భాగం, జ్వాల తనను చేరకముందే ఒక్కసారిగా పేలిపోయే ప్రమాదం ఉన్నది. దీనిని నాకింగ్ అంటారు. దీని నివారణకు అధిక భారం వద్ద గాలి నిష్పత్తిని 14.7 నుండి సుమారు 12కు తగ్గిస్తారు. అదనంగా వచ్చిన పెట్రోలు ఆవిరి అవుతూ కొంత వేడిని హరిస్తుంది.

ఆ సమయంలో ఇంజెక్టర్ చాలినంత ఇంధనం ఇవ్వలేకపోతే నష్టం చిన్నది కాదు. పిస్టన్ తల కరిగి రంధ్రం పడవచ్చు, లేదా రింగుల మధ్యభాగం విరిగిపోవచ్చు. నెలల శ్రమ, కూడబెట్టిన ధనం కొన్ని క్షణాలలో వ్యర్థమవుతాయి.

లెక్క చేసే విధానం

ఒక అశ్వశక్తిని ఒక గంటసేపు ఇవ్వడానికి ఖర్చయ్యే ఇంధనాన్ని విశిష్ట ఇంధన వినియోగం అంటారు. పూర్తి భారం వద్ద సామాన్యమైన పెట్రోలు ఇంజనుకు ఇది సుమారు 0.22 కిలోలు. సూపర్‌ఛార్జర్ ఇంజనుకు సుమారు 0.27 కిలోలుగా తీసుకోవచ్చు.

నాలుగు సిలిండర్లతో 150 అశ్వశక్తి గల ఇంజనును తీసుకుందాం. దానికి గంటకు 33 కిలోల పెట్రోలు, అనగా ఒక్కొక్క ఇంజెక్టరుకు 8.25 కిలోలు కావాలి. ఇంజెక్టర్ మొత్తం కాలంలో 80 శాతానికి మించి తెరుచుకొని ఉండరాదన్న నియమం పాటిస్తే, దాని సామర్థ్యం గంటకు 10.3 కిలోలు ఉండాలి. పెట్రోలు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.74 గ్రాములు. కనుక ఇది నిమిషానికి దాదాపు 232 ఘన సెంటీమీటర్లు అవుతుంది.

ఇప్పుడు సూపర్‌ఛార్జర్ అమర్చి అదే ఇంజను నుండి 200 అశ్వశక్తి కోరుకుందాం. గంటకు 54 కిలోలు, ఒక్కొక్క ఇంజెక్టరుకు 13.5 కిలోలు అవసరం. 80 శాతం నియమంతో ఇది గంటకు సుమారు 16.9 కిలోలు, అనగా నిమిషానికి 380 ఘన సెంటీమీటర్లు అవుతుంది.

విద్యార్థులు ఈ రెండు ఫలితాలను పోల్చి చూడాలి. శక్తి మూడింట ఒక వంతు మాత్రమే పెరిగింది. ఇంజెక్టర్ పరిమాణం మాత్రం దాదాపు మూడింట రెండు వంతులు పెరగవలసి వచ్చింది. శక్తి ఎంత పెరిగితే ఇంజెక్టర్ అంతే పెంచితే చాలుననుకొనేవారు పొరబడేది ఇక్కడే.

ఇథనాల్ విషయం కూడా మరువరాదు. ఒక కిలో ఇథనాల్ దహనానికి సుమారు 9 కిలోల గాలి సరిపోతుంది. కావున అదే గాలికి ఇథనాల్ ఎక్కువ పోయాలి. మన దేశంలో 2023 ఫిబ్రవరిలో విక్రయం ప్రారంభమైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు వాడితే ఇంధన పరిమాణం 7, 8 శాతం పెరుగుతుంది. పై ఉదాహరణలోని 380 సుమారు 410 అవుతుంది. బజారులో లభించే పరిమాణాలలో దీనికి పైన, దీనికి సమీపంలో ఉన్నదానిని ఎన్నుకోవడం యుక్తం.

కాలపు హద్దు

80 శాతం నియమానికి కారణమేమి? నాలుగు ఘాతాల ఇంజనులో ప్రతి సిలిండరుకు రెండు భ్రమణాలకు ఒకసారి ఇంధనం అందాలి. నిమిషానికి 6000 భ్రమణాల వేగంలో ఆ వ్యవధి 20 మిల్లీ సెకన్లు. అందులో 80 శాతం అంటే 16 మిల్లీ సెకన్లు. సూది లేవడానికి, తిరిగి కూర్చోవడానికి కొంత కాలం పడుతుంది. హద్దు దాటితే ఇంజెక్టర్ సక్రమంగా మూసుకోలేక కంప్యూటర్ అదుపు తప్పుతుంది.

అట్లని మరీ పెద్ద ఇంజెక్టర్ కూడా మేలు చేయదు. ఇంజను భారం లేకుండా నిమిషానికి 800 భ్రమణాలతో నెమ్మదిగా తిరిగేటప్పుడు కావలసిన పెట్రోలు అత్యల్పం. పెద్ద ఇంజెక్టర్ ఆ కొద్దిపాటిని ఇవ్వడానికి తెరుచుకొన్న వెంటనే మూసుకోవాలి. తెరుచుకోవడానికే సుమారు ఒక మిల్లీ సెకను పట్టే సాధనంతో అంత సూక్ష్మమైన కొలత ప్రతిసారీ ఒకే విధంగా రాదు. ఇంజను కుదుపులతో తిరుగుతుంది, పొగ పెరుగుతుంది, పెట్రోలు వృథా అవుతుంది.

పీడనం, పంపు, విద్యుత్తు

ఇంజెక్టర్ ప్రవాహం పీడనభేదపు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. సాధారణంగా ఇంజెక్టర్ సామర్థ్యాన్ని 3 బార్ల పీడనం వద్ద కొలుస్తారు. సూపర్‌ఛార్జర్ మానిఫోల్డులో 0.7 బార్ అదనపు పీడనం కలిగించినప్పుడు, ఇంధన పీడనం 3 బార్ల వద్దనే నిలిచి ఉంటే, మిగిలే భేదం 2.3 బార్లు మాత్రమే. ప్రవాహం దాదాపు 12 శాతం తగ్గిపోతుంది. అనగా ఎక్కువ పెట్రోలు కావలసిన సమయంలోనే తక్కువ అందుతుంది. అందుచేత మానిఫోల్డు పీడనాన్ని అనుసరించి ఇంధన పీడనాన్ని పెంచే రెగ్యులేటర్ ఉండాలి. పంపు కూడా 3.7 బార్ల వద్ద గంటకు కనీసం 73 లీటర్లు అందించగలిగి ఉండాలి. ఇథనాల్ పెట్రోలుకు మరికొంత అధికం కావాలి.

తీగచుట్ట నిరోధాన్ని గమనించడం కూడా అవసరం. 12 వోల్టుల వద్ద 12 ఓముల చుట్ట 1 ఆంపియరు తీసుకుంటే, 2 ఓముల చుట్ట 6 ఆంపియర్లు తీసుకోగలదు. మొదటి రకానికై నిర్మించిన కంప్యూటరుకు రెండవ రకం ఇంజెక్టర్ కలిపితే దాని భాగాలు కాలిపోవచ్చు.

చరిత్రలో ఒక ఉదాహరణ

సూపర్‌ఛార్జర్ పీడనాన్ని బట్టి ఇంధన రంధ్రాన్ని నిర్ణయించడానికి రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాలలో ఒక ప్రసిద్ధ నిదర్శనం ఉన్నది. 1940లో బ్రిటిష్ స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల మెర్లిన్ ఇంజనుకు కార్బురేటర్ ఉండేది. జర్మన్ మెస్సర్‌ష్మిట్ 109 విమానంలోని డైమ్లర్-బెంజ్ 601 ఇంజను సిలిండర్లలోనికి ఇంధనాన్ని నేరుగా చిమ్మేది. రెండూ సూపర్‌ఛార్జర్ గల ఇంజన్లే. కార్బురేటర్‌లోని పెట్రోలు సూపర్‌ఛార్జర్‌కు ముందే ఆవిరి అయి గాలిని సుమారు 25 సెల్సియస్ డిగ్రీలు చల్లబరచేది. అది మెర్లిన్ ఇంజనుకు కలిసివచ్చిన లాభం. కాని విమానం హఠాత్తుగా ముక్కు దించినప్పుడు కార్బురేటర్‌లో ఇంధనం స్థానం తప్పేది. మొదట ఇంధనం అందక, తరువాత ఇంధనం ముంచెత్తి ఇంజను ఆగేది. వెంటాడుతున్న శత్రువు ఆ కొద్ది క్షణాలలో తప్పించుకునేవాడు. కొన్ని వేళల ప్రాణాపాయమే కలిగేది.

ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసిన బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు 1941లో దీనికి తాత్కాలిక పరిష్కారం కనుగొన్నారు. పూర్తి శక్తికి అవసరమైనంత పెట్రోలును మాత్రమే వదిలే రంధ్రం గల చిన్న లోహపు బిళ్ళను ఇంధన మార్గంలో అమర్చారు. చదరపు అంగుళానికి 12 పౌండ్ల సూపర్‌ఛార్జర్ పీడనానికి ఒకటి, 15 పౌండ్లకు మరొకటి తయారయ్యాయి. పీడనం మారితే రంధ్రమూ మారాలన్న సూత్రమే అందులోనూ, మన ఉదాహరణలోనూ ఉన్నది. ఇంజనీరింగు చదవాలా అని సంశయించే మన విద్యార్థినులు ఆమె చరిత్రను చదవాలని మా కోరిక.

ముగింపు

ఉర్దూలోని ‘అందాజా’ తెలుగులో ‘అందాజు’గా స్థిరపడింది. మన వర్క్‌షాపులలో ఈ మాట నిత్యం వినిపిస్తుంది. అనుభవజ్ఞుడైన మెకానిక్ చేసే అందాజుకు విలువ ఉన్నది. కాని సూపర్‌ఛార్జర్ ఇంజనులో అందాజు తప్పితే దిద్దుకొనే వ్యవధి ఉండదు. మొదట లెక్క వేయాలి, తరువాత ఎగ్జాస్టులో నిష్పత్తిని కొలిచే సాధనంతో ఆ లెక్కను సరిచూడాలి. మరొక మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరైన వాహనంలో తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధమైన మార్పులు చేయరాదు. ఇటువంటి ప్రయోగాలకు ప్రయోగశాల, పోటీల మైదానమే తగిన స్థలాలు.

పైన వాడిన గణితమంతా గుణకారం, భాగహారం, ఒక్క వర్గమూలం. మన విద్యార్థులలో ప్రతి ఒక్కరికీ అది అందుబాటులో ఉన్నదే. దానిని పుస్తకంలో విడిచిపెట్టక పనిచేసే చేతులకు అందించగలిగితే చదువుకు ప్రయోజనం సిద్ధిస్తుందని మా విశ్వాసం.